మురుగు కాలువలు - కర్మాగారముల విషజలములు

నగరవాసి తన యింటి మురుగునీరు గుమ్మము దాటినతోడనే దానిని మరచిపోవును. అట్లు మరచిపోవుటకు వీలు కల్పించుటయే భూగర్భపు మురుగు కాలువల ప్రయోజనమని చెప్పినను తప్పుకాదు. కాని గృహస్థు విడుచు నీటితోపాటు తోళ్లు పదనుచేయువాడును, బట్టల కద్దకము వేయువాడును, లోహములకు పూత పెట్టువాడును, మందులు తయారుచేయువాడును తమ తమ వ్యర్థజలములను ఆ కాలువలలోనికే విడుచుచున్నారు. ఏది విడువవచ్చును, ఏది విడువరాదు, ఎవరు పరీక్షింపవలెను, తప్పినవానిని ఏమి చేయవలెను అను ప్రశ్నలకు మన శాసనములలో సమాధానములు కలవు. ఆచరణలో మాత్రము అవి అరుదుగా గాని కానరావు. ఈ విషయమై మా యభిప్రాయమును నేడు పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఇది పారిశుద్ధ్యపు టింజనీర్లు తమలో తాము తేల్చుకొనవలసిన విషయమని కొందరు తలంపవచ్చును. చెన్నపురి యాంధ్రు లట్లు తలంచుటకు వీలులేదు. ఈ నగరపు పారిశుద్ధ్య కార్మికులలో తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా పెక్కులు కలవు. తాతల కాలమున ఆంధ్రదేశపు పల్లెలు విడిచి, కరవులకు తాళలేక యిచటికి వచ్చి, యితరు లెవ్వరును చేయనొల్లని పనిని చేపట్టినవారి సంతతి వారు. మురుగు కాలువ పూడుకొనినపుడు దాని మూత తీయువారు వారే. న్యాయవాదులు, వైద్యులు, ఉద్యోగులు, ఉపాధ్యాయులు నగు మన మొక తెలుగువారము, వారును తెలుగువారే. కాలువలోని విష మెవ్వరిని ముందుగా తాకునో యెరిగిన పిమ్మట ఇది మనకు సంబంధింపని విషయమని యెట్లనగలము?

మొదట మురుగు కాలువ చేయు పని యేమియో చూతము. ఇండ్లనుండి వచ్చు మురుగులో ముఖ్యముగా నుండునది కుళ్లిపోవు స్వభావముగల పదార్థము. దానిని శుద్ధికేంద్రమునకు చేర్చి, గాలి నందించి, సూక్ష్మజీవులచేత తినిపించెదరు. ఆ సూక్ష్మజీవులే శుద్ధికేంద్రపు నిజమైన పనివారు. నీటిలోని కుళ్లును హరించుటకు అవి యెంత ప్రాణవాయువును కోరునో ఆ కొలతను బి.ఓ.డి. అని వ్యవహరించెదరు. ఇంటి మురుగు విషయమున ఈ యేర్పాటు చక్కగా పనిచేయును. క్రోమియము, సీసము, సయనైడు, గాఢమైన ఆమ్లములు, సూక్ష్మజీవుల జంపుటకే తయారైన మందులు వచ్చి పడినచో సంగతి వేరు. వానిలో కొన్ని సూక్ష్మజీవులను జంపి శుద్ధికేంద్రపు పనిని నిలుపును. కొన్ని చెక్కుచెదరక కేంద్రమును దాటి నదిని చేరును. మరికొన్ని అడుగున నిలిచిన బురదలో చేరి, ఎరువుగా పొలమునకు పోదగిన ఆ బురదను విషముగా మార్చును.

కాలువకు గలుగు హానియు తక్కువది కాదు. నీరు కదలక నిలిచిన గొట్టములలో గంధకపు సంబంధముగల ఒక విషవాయువు పుట్టును. కుళ్లిన గ్రుడ్డు వాసన దాని గురుతు. ఆ వాయువు గొట్టము పైకప్పునకు చేరి, అచటి సూక్ష్మజీవులచే గంధకామ్లముగా మారి, సిమెంటును తినివేయును. ఒకనాడు వీధి కుంగిపోవును. తోళ్లపై రోమము నూడదీయుటకు వాడు సల్ఫైడు కలిసిన నీరొక వైపునుండియు, ఆమ్లము కలిసిన నీరు మరొక వైపునుండియు ఒకే కాలువలో గలసినచో ఆ వాయువు క్షణములో పుట్టును. కొంచెముగా నున్నపుడు దాని దుర్గంధమే మనుష్యుని హెచ్చరించును. అధికముగా నున్నపుడు ఘ్రాణశక్తియే నశించును. దిగినవానికి హెచ్చరిక కూడ నుండదు.

పేలుడుల సంగతియు చెప్పవలసియున్నది. 1981 ఫిబ్రవరిలో అమెరికాలోని లూయీవిల్ నగరమున సోయా గింజలనుండి నూనెతీయు కర్మాగారపు ద్రావకము మురుగు కాలువలలో చేరి, తెల్లవారుజామున పేలి, మైళ్లకొలది వీధులను పెల్లగించెను. 1992 ఏప్రిల్ 22న మెక్సికోలోని గ్వాడలహారాలో పెట్రోలు కాలువలలో జొచ్చి పేలుటచే రెండువందలకు పైగా ప్రజలు మరణించిరి. అచట పేలుటకు ముందు కొన్ని దినములనుండి ప్రజలు దుర్వాసన వచ్చుచున్నదని మొరపెట్టుకొనుచునే యుండిరి. భూమిక్రింద జరుగు అపచారమునకు భూమిపైనివారు ఫలమనుభవింతురనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఇక శాసనస్థితి. 1974లో పార్లమెంటు గావించిన జలకాలుష్య నివారణ శాసనము మొదట నదులను, బావులను ఉద్దేశించినది. 1988లో దానిని సవరించి, విషపదార్థములను మురుగు కాలువలలోనికి గాని నేలపైకి గాని విడుచుటను 24వ సెక్షనులో జేర్చిరి. 25వ సెక్షను ప్రకారము రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పూర్వానుమతి లేక కర్మాగారపు నీటిని మురుగు కాలువలోనికి విడువగూడదు. 1986 నాటి పరిసర సంరక్షణ శాసనము క్రింద చేసిన నియమావళిలో 6వ అనుబంధము గలదు. నదిలోనికి విడుచు నీటికొక హద్దును, మురుగు కాలువలోనికి విడుచు నీటికి మరియొక హద్దును అది నిర్ణయించినది.

ఆ హద్దులను పాఠకులు శ్రద్ధగా చూడవలెనని కోరుచున్నాము. లీటరునకు బి.ఓ.డి. నదిలోనికైనచో 30 మిల్లీగ్రాములు. మురుగు కాలువలోనికైనచో 350. తేలియాడు ఘనపదార్థములు నదికి 100, కాలువకు 600. ఇంతవరకు న్యాయముగనే యున్నది. కాలువ చివర శుద్ధికేంద్రము గలదు. కుళ్లును హరించుట దాని పనియే. కావున కొంత సడలింపు తగియున్నది. కాని సీసము నదికి 0.1 మిల్లీగ్రాము కాగా కాలువకు 1. విషతరమైన షడ్బలక క్రోమియము నదికి 0.1 కాగా కాలువకు 2. అనగా ఇరువది రెట్లు. సీసమును, క్రోమియమును ఏ సూక్ష్మజీవి తినగలదు? శుద్ధికేంద్రము వానిని నశింపజేయజాలదు. నీటినుండి బురదలోనికో, బురదనుండి పొలములోనికో చోటు మార్చగలదు, అంతే. ఇంటి మురుగుతో కలిసి పలుచబడునను నమ్మికయే ఈ సడలింపునకు ఆధారమని మాకు తోచుచున్నది. పాదరసము విషయమున మాత్రము రెండింటికిని ఒకే హద్దును, 0.01 మిల్లీగ్రామును, ఉంచిరి. ఆ వివేకమే తక్కిన లోహముల యెడలను చూపియుండవలసినది.

రెండవ లోపము ఇంతకంటె పెద్దది. హద్దులన్నియు లీటరునకింత యని నిర్ణయించినవి. దినమునకింత యని కాదు. దీని ఫలమును ఒక చిన్న లెక్కచే చూపెదము. ఒక కర్మాగారము దినమునకు లక్ష లీటర్ల నీటిని విడుచుచున్నది. లీటరునకు 10 మిల్లీగ్రాముల క్రోమియము గలదు. మొత్తము ఒక కిలో. హద్దు 2 మిల్లీగ్రాములు గనుక ఇది నేరము. ఆ యజమాని గొట్టపుబావి నీరు నాలుగు లక్షల లీటర్లు తోడి అందులో కలిపినచో నీరు అయిదు లక్షల లీటర్లగును. లీటరునకు 2 మిల్లీగ్రాములగును. నేరము మాయమైనది. క్రోమియము మాత్రము ముందువలెనే ఒక కిలో కాలువలో పడుచున్నది. పైగా నాలుగు లక్షల లీటర్ల మంచినీరు వ్యర్థమైనది. పాలలో నీరు కలుపుట నేరమై, విషములో నీరు కలుపుట నిర్దోషమగుట వింతగానున్నది.

పలుచన చేయుటయే శుద్ధియను ఈ భ్రమ యెంతదూరము పోగలదో తెలుగుదేశమునందే చూడవచ్చును. హైదరాబాదునకు సమీపమున నున్న పటాన్‌చెరువు ప్రాంతమున 1970వ దశకము మొదలు రసాయన కర్మాగారములును, ఔషధ కర్మాగారములును పెరిగినవి. వాని వ్యర్థజలము నక్కవాగును చెరచి మంజీరను చేరుచుండెను. పొలములు, బావులు పాడైన గ్రామస్థుల మొర 1990లో సుప్రీముకోర్టును చేరెను. తరువాత సమష్టి శుద్ధికేంద్ర మొకటి ఏర్పడెను. అందులోనికి సుమారు 90 ఔషధ కర్మాగారముల నీరు వచ్చుచుండెను. 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు, ఆ కేంద్రమునుండి శుద్ధియై వెలువడిన నీటినే పరీక్షించి, సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు గలదని ప్రకటించిరి. కొన్ని సూక్ష్మజీవులను జంపుటకు చాలిన మోతాదునకు అది వేయి రెట్లకు పైబడినది.

అపుడు కనుగొన్న యుపాయ మేమి? ఆ నీటిని వాగులో విడువక, సుమారు 18 కిలోమీటర్ల గొట్టము వేసి నగరపు మురుగుతో కలిపి అంబరుపేట శుద్ధికేంద్రమునకు పంపుట. 2009లో ఈ గొట్టము వాడుకలోనికి వచ్చెను. అంబరుపేట కేంద్రము ఇండ్ల మురుగు కొరకు కట్టినది. దానినుండి వెలువడు నీరు మూసీనది పాలగును. మంజీర లోయలోని ప్రజల బాధ కొంత తగ్గియుండవచ్చును. దానిని మేము కాదనము. కాని మందుల శేషములను సూక్ష్మజీవుల మడుగులో పోయుటచే ఫలమేమగునో వైద్యులగు మా పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ మందులకు లొంగని సూక్ష్మజీవులు పెంపొందుటకు అంతకంటె తగిన తావు వేరొండు లేదు. 2020 జనవరిలో కేంద్రప్రభుత్వము ఔషధ కర్మాగారముల నీటిలో ఇట్టి మందుల శేషమునకు హద్దులు ప్రతిపాదించెను. 2021లో వెలువడిన తుది నియమములలో ఆ హద్దులు కానరాలేదు. రోగి శయ్యయొద్ద మందు పనిచేయనపుడు వైద్యుని దూషించువారము, ఆ మందు పనిచేయకుండుటకు ఒక కారణము మురుగు కాలువలోనే యుండవచ్చునని తలంపము.

ఉత్తరాదిని కాన్పూరు అనుభవము దీనికి భిన్నము కాదు. 1987లో గంగాకాలుష్యపు వ్యాజ్యమునందు జస్టిస్ వేంకటరామయ్యగారు, కనీస వేతన మీయలేని కర్మాగారమునకు బ్రతుకు హక్కు లేనట్లే, ప్రాథమిక శుద్ధియంత్రమును నెలకొల్పలేని తోళ్ల కర్మాగారమునకును ఆ హక్కు లేదను భావముతో తీర్పు చెప్పిరి. ఆ పిమ్మట 1994లో జాజ్‌మవూ వద్ద దినమునకు 3 కోట్ల 60 లక్షల లీటర్ల శుద్ధికేంద్రము వెలసినది. అందులో 90 లక్షలు తోళ్ల కర్మాగారముల నీరు; తక్కిన 2 కోట్ల 70 లక్షలు ఇండ్ల మురుగు. కర్మాగారములు తమ యావరణలోనే క్రోమియమును వేరుచేసి పంపుననునది ఏర్పాటునకు పునాది. ఆ పునాది నిలువలేదు. శుద్ధియైన దని చెప్పబడిన నీరు ప్రక్క గ్రామముల పొలములకు పారి, ఆ మట్టిలో క్రోమియము చేరినది. ముంగిట చేయవలసిన పనిని చివర చేయుదమనుకొనిన ఫలమిది.

మన చెంతనున్న పాలారు తీరమునకు వత్తము. వేలూరు ప్రజలు తెచ్చిన వ్యాజ్యమునందు సుప్రీముకోర్టు 1996 ఆగస్టు 28న ఇచ్చిన తీర్పు న్యాయవాదుల కందరకును కంఠస్థమే. తోళ్ల కర్మాగారముల నీటిచే సుమారు 35 వేల హెక్టార్ల భూమి పూర్తిగానో కొంతగానో సేద్యమునకు పనికిరాకుండ పోయినదని ఆ తీర్పే చెప్పుచున్నది. ముందుజాగ్రత్త వహింపవలెననియు, చెరచినవాడే నష్టమును భరింపవలెననియు రెండు సూత్రములను ఆ తీర్పు మన న్యాయశాస్త్రమున నాటెను. తీర్పునకు పిమ్మట సమష్టి శుద్ధికేంద్రములు పనిచేయుచునే యున్నవి. అయినను 2015 జనవరి 31 రాత్రి రాణిపేటలో అట్టి యొక కేంద్రపు బురదతొట్టి గోడ కూలి, ప్రక్క కర్మాగారమున నిద్రించుచున్న పదిమంది కార్మికులు ఆ బురదలో మునిగి మరణించిరి. వారిలో పెక్కురు పొట్టకూటికై దూరదేశములనుండి వచ్చినవారు. నీటినుండి వేరుచేసిన విషమునకు తగిన తావు చూపక, తొట్లలో పేర్చుచు పోవుటయే అందులకు మూలము.

ఈ యుదాహరణములను జూచి, కర్మాగారముల నీటికి నగరపు కాలువలను పూర్తిగా మూసివేయవలెనని కొందరు వాదింతురు. మేము వారితో ఏకీభవింపజాలము. ఇంగ్లండునందు 1937లో చేసిన శాసనము వర్తకునకు తన వ్యర్థజలమును ప్రజల కాలువలోనికి విడుచు హక్కునే యిచ్చినది; కాని స్థానికాధికారుల యనుమతికిని, వారు విధించు షరతులకును లోబరచినది. అందులోని వివేకమును గ్రహింపవలెను. తలుపు పూర్తిగా మూసినచో చిన్న యజమాని తన నీటిని మాయము చేయలేడు; రాత్రివేళ ట్యాంకరులో నింపి ఏ చెరువులోనో, ఏ పోరంబోకులోనో పోయించును. కాలువలో పడిన నీటిని పట్టుకొనుటకు ఒక చివర యైనను కలదు. చెరువులో పడినదానికి అదియు లేదు. తలుపు తెరచియే యుండవలెను. తలుపువద్ద కావలివాడును ఉండవలెను.

ఆ కావలివాడు ఎవరు? ఇదియే అన్నిటికంటె చిక్కు ప్రశ్న. అనుమతి నిచ్చునది కాలుష్య నియంత్రణ మండలి. కాలువలును, శుద్ధికేంద్రములును 1978 నాటి శాసనముచే ఏర్పడిన నగర జలసరఫరా, మురుగునీటి మండలివి. వ్యాపారపు లైసెన్సు నిచ్చునది నగరపాలక సంఘము. స్థలము నిచ్చునది పరిశ్రమల శాఖ. శుద్ధికేంద్రము చెడినపుడు నష్టపడు సంస్థకు కర్మాగారపు గేటు దాటి లోనికి పోవు నలవాటు లేదు; లోనికి పోదగిన సంస్థకు శుద్ధికేంద్రము చెడుటచే గలుగు నష్టమేమియు లేదు. నలుగురు కాపున్న తోట ఎవరిదియు కాని తోట యగును. ఒక శాఖను ప్రశ్నించినచో రెండవ శాఖను చూపుట మన కార్యాలయములలో కొత్త సంగతి కాదు.

పరీక్షావిధానమునందును లోపము గలదు. బి.ఓ.డి. పరీక్షకు నీటిని 27 డిగ్రీల వేడిమిలో మూడు దినములుంచవలెను. ఫలితము తెలియునాటికి ఆ నీరు సముద్రమును చేరియుండును. 2014లో కేంద్రమండలి అధిక కాలుష్యమును గలిగించు 17 తరగతుల పరిశ్రమలు ఎడతెగక కొలుచు యంత్రములను పెట్టుకొనవలెనని ఆజ్ఞాపించెను. ఇది మెచ్చదగినదే. కాని ఆ యంత్రములు సామాన్యముగా కొలుచునవి కొన్ని సాధారణ గుణములను మాత్రమే. లోహములు, మందుల శేషములు వాని కంటబడవు. యంత్రము యజమాని యావరణలో, యజమాని ఖర్చుపై, యజమాని మనుష్యుల సంరక్షణలో నుండుట మరియొక సంగతి.

శిక్షల విషయమున ఇటీవలి మార్పును గూడ చెప్పవలెను. పాత శాసనము ప్రకారము 24వ సెక్షనును అతిక్రమించినవానికి ఒకటిన్నర సంవత్సరమునుండి ఆరు సంవత్సరముల వరకు చెర విధింపవచ్చును. 2024 నాటి సవరణ శాసనము ఆ చెరను తొలగించి, పదివేలనుండి పదిహేను లక్షల రూపాయల వరకు జరిమానాను ఏర్పరచెను. మొదట అది హిమాచలప్రదేశము, రాజస్థానము, కేంద్రపాలిత ప్రాంతములకు వర్తించినది. తక్కిన రాష్ట్రములలో శాసనసభలు తీర్మానించి స్వీకరించిననే వర్తించును. చెరసాల భయము కాగితముపైననే యుండెను గాన జరిమానాయే త్వరగా పడునని దానిని సమర్థించువారు చెప్పుదురు. ఈ వాదమును మేము తేలికగా త్రోసివేయము. ఏండ్లకొలది సాగి, చివరకు సాక్ష్యము చాలక కొట్టివేయబడు అభియోగములను మేమును చూచియున్నాము. కాని శుద్ధియంత్రమును నడుపుటకు ఏటికి కోటి రూపాయలగునపుడు, పదిహేను లక్షల జరిమానా శిక్ష కాదు. తక్కువ ధరకు దొరకిన లైసెన్సు. ఈ సవరణను స్వీకరింపవలెనా యని యోచించు ప్రతి శాసనసభయు ముందుగా ఈ లెక్క వేసికొనవలెను.

పరిశ్రమలవారి యభ్యంతరమును వినకుండ త్రోసివేయుట న్యాయము కాదు. పదిమంది పనివారితో పూతపని చేయు చిన్న యజమాని సొంత శుద్ధియంత్రమును ఎక్కడనుండి తేగలడు? కర్మాగారము మూతపడినచో ఆ పదిమంది గతి యేమి? తిరుప్పూరు అద్దకపు కార్ఖానాలను 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు మూసివేయ నాజ్ఞాపించినపుడు కార్మికులు పడిన పాట్లు మరువదగినవి కావు. కాని ఆ యాజ్ఞకు ముందు నొయ్యలు నది క్రింది రైతులు ఎన్నో యేండ్లుగా ఓర్చియుండిరి. గడువులపై గడువులు గడచినవి. ముందుగనే కొంచెము కొంచెముగా కఠినులమై యుండినచో ఒక్కసారిగా అంత కఠినులము కావలసిన యగత్య ముండెడిది కాదు. చిన్నవారికి సమష్టి శుద్ధికేంద్రములు కట్టించి యిచ్చుట ప్రభుత్వపు బాధ్యత. వానిలో చేరి, తగిన రుసుము చెల్లించి, తన వంతు విషమును తన గుమ్మమునందే వేరుచేయుట యజమాని బాధ్యత. 2017 ఫిబ్రవరి 22న సుప్రీముకోర్టు, ప్రాథమిక శుద్ధియంత్రము పనిచేయని కర్మాగారమును నడువనీయరాదని దేశమంతటికిని ఆజ్ఞాపించినది. అందులో కొత్త కాఠిన్యమేమియు లేదు. ముప్పదియేండ్ల క్రిందటి కాన్పూరు తీర్పునే మరల చెప్పినది.

చెన్నపురికి ఈ విషయమున మరొక సొంత ప్రయోజనము గలదు. ఈ నగరమున మురుగునీరు ఇక పారవేయవలసిన వస్తువు కాదు. మణలిలోని నూనెశుద్ధి, ఎరువుల కర్మాగారములు 1990వ దశకము నుండియు నగరపు మురుగును కొని శుద్ధిచేసి వాడుకొనుచున్నవి. 2019 వేసవిలో జలాశయములు ఎండి, బిందెలతో జనులు వీధులలో నిలిచిన సంవత్సరముననే కొడుంగయ్యూరు, కోయంబేడులలో దినమునకు 4 కోట్ల 50 లక్షల లీటర్ల చొప్పున మురుగును ఉన్నతశుద్ధి చేయు కేంద్రములు రెండు పనికి వచ్చినవి. ఆ నీరు మణలికిని, శ్రీపెరుంబుదూరు ప్రాంతమునకును పోయి, అంతమేరకు త్రాగునీటిని నగరమునకు మిగుల్చుచున్నది. కాలువలో పడిన విషము రేపు అదే నీటితో మరల కర్మాగారమునకే పోవును. లేదా దానిని తొలగించుటకు ధర పెరుగును. కావున కాలువను కాపాడుట పరిశ్రమకు విరోధమని వాదించువారు తమ బావిలో తామే ఉమ్మివేయుచున్నారు.

మా సూచనలు ఇవి. కాలువలోనికి నీరు విడుచుటకు ఇచ్చు ప్రతి యనుమతిపైనను కాలుష్యమండలితోపాటు మురుగునీటి మండలియు సంతకము చేయవలెను. సంతకము చేసినవారే పరీక్షింపవలెను. కుళ్లిపోవని లోహములకును, మందుల శేషములకును లీటరునకింత యను హద్దుతోపాటు దినమునకింత యను హద్దును విధింపవలెను. అమెరికా వారి నియమములలో రెండు ప్రశ్నలు గలవు: ఈ నీరు శుద్ధికేంద్రపు పనికి అడ్డుపడునా? శుద్ధికేంద్రమును దాటి నదిలోనికి జారిపోవునా? ఈ రెంటికిని కాదని రుజువు చేయగలవానికే అనుమతి దొరకవలెను. నీటి నమూనాను తీయు తొట్టి కర్మాగారపు గోడకు వెలుపల, వీధివైపున నుండవలెను. అధికారి గేటువద్ద అనుమతి కొరకు నిలువనక్కరలేదు. ఇంగ్లండునందు మాగ్డెను శుద్ధికేంద్రము పేర ప్రసిద్ధమైన లెక్కవలె, నీటి పరిమాణమునకే కాక దాని మాలిన్యపు బలమునకును తగినట్లు రుసుము కట్టింపవలెను. తక్కువ మలినము విడిచినవాడు తక్కువ చెల్లించునపుడు, శుద్ధియంత్రము భారము గాక లాభముగా తోచును.

అన్నిటికంటె ముందుగా జరుగవలసినది కార్మికుని రక్షణ. 2013 నాటి శాసనము రక్షణ సాధనములు లేక మనుష్యుని మురుగు కాలువలోనికి దింపుటను నిషేధించినది. కాలువలో మరణించినవాని కుటుంబమునకు పది లక్షలీయవలెనని 2014లోను, ముప్పది లక్షలీయవలెనని 2023లోను సుప్రీముకోర్టు ఆజ్ఞాపించినది. కోలారు బంగారు గనుల ప్రాంతమున తెలుగు పారిశుద్ధ్య కార్మికుల యింట బుట్టి, ఈ దురాచారముపై జీవితమంతయు పోరాడి, 2016లో మెగసెసే బహుమానమందిన బెజవాడ విల్సనుగారు మనవారు. మరణమునకు వెల నిర్ణయించుటకంటె మరణమును నివారించుటయే వారు కోరునది. ఏ కాలువలోనికి ఏ కర్మాగారము ఏ రసాయనమును విడుచుచున్నదో తెలుపు పట్టిక ప్రతి వార్డు కార్యాలయమునందును గోడపై నుండవలెను. కార్మికునకు తానెందులోనికి దింపబడుచున్నాడో తెలిసికొను హక్కు ముందుగా గలదు. పరిహారపు హక్కు తరువాతిది.

మా పాఠకులలో ఎక్కువమంది విద్యావంతులు, శాసనము నెరిగినవారు. వారు చేయదగిన పని కలదు. 25వ సెక్షను క్రింద ఇచ్చిన అనుమతుల షరతులను వ్రాసిన రిజిస్టరును సంబంధముగల ప్రతి మనుష్యుడును మండలి కార్యాలయమునకు పోయి చూడవచ్చును. అరువది దినముల నోటీసిచ్చి పౌరుడే న్యాయస్థానమున ఫిర్యాదు చేయు హక్కును 1988 సవరణ కల్పించినది. రత్లాము పట్టణమున సారాయి కర్మాగారపు దుర్గంధజలమును, తెరచిన కాలువలను సహింపలేక ప్రజలు మేజిస్ట్రేటును ఆశ్రయించినపుడు, పురపాలక సంఘము తన బొక్కసము ఖాళీయని చెప్పి తప్పించుకొనజాలదని 1980లో జస్టిస్ కృష్ణయ్యరుగారు తీర్పు చెప్పిరి. అపుడు ఆధారమైన 133వ సెక్షను, నేటి నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షనుగా నిలిచియున్నది. ఆయుధము కలదు; చేపట్టువారు కావలెను.

మన సంఘములు ఉగాదికి సభలు చేసి తెలుగు భాషాభివృద్ధిని గూర్చి యుపన్యసించుట మంచిదే. ఆ సభకు వచ్చునపుడు దారిలో మూత తెరచియున్న కాలువయొద్ద, నడుమునకు త్రాడు కట్టుకొని నిలిచినవాడు మన భాషనే మాటలాడుచు కానవచ్చినచో, ఒక్క నిముసమాగి, ఆ కాలువలోనికి ఏ కర్మాగారపు నీరు వచ్చునో అచటి యధికారి నడుగవలెనని మా ప్రార్థన. ఆయన సమాధానము చెప్పలేనిచో అదే ప్రశ్నను మరునాడు వ్రాతమూలముగా మండలికి పంపవలెను. సమాధానము వచ్చువరకు ఆ కాలువలోనికి ఎవ్వరును దిగగూడదు.